రూట్ కెనాల్‌లో ఫైల్ (కాలువలు శుభ్రం చేసే సన్నని లోహపు పరికరం) విరిగితే పేషెంట్‌కి ఎవరు చెప్పాలి, ఎప్పుడు, ఏ మాటల్లో?

నాలుగుకుర్చీలు:

నాలుగు కుర్చీల క్లినిక్. ఓపీ చూసేది బీడీఎస్ డాక్టర్. ప్లాన్, రేటు వివరించి సంతకం తీసుకునేది ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్. రూట్ కెనాల్ చేసేది వారానికి రెండు సాయంత్రాలు వచ్చే ఎండో కన్సల్టెంట్. తర్వాత క్యాప్ పని మళ్ళీ క్లినిక్ డాక్టర్‌దే. ఈ ఏర్పాటు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ మామూలైపోయింది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

కింది దవడ మొదటి పెద్ద పన్ను, మీజియల్ (ముందువైపు) వేరులో రోటరీ ఫైల్ (మోటారుతో తిరిగే రకం) కొన విరిగి ఉండిపోయిందనుకుందాం. కన్సల్టెంట్‌కి ఇంకో క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ ఉంది. పేషెంట్ ముందు నిలబడి చెప్పాల్సింది ఎవరు? ఆ కన్సల్టెంటా, రేపు కూడా ఆమెను చూడబోయే క్లినిక్ డాక్టరా, సంతకం తీసుకున్న కోఆర్డినేటరా? విరగ్గానే చెప్పాలా, తీసే ప్రయత్నం అయ్యాకా? ఇంగ్లీషు ఫారంలో "ఇన్‌స్ట్రుమెంట్ సెపరేషన్ జరగవచ్చు" అని, అంటే పరికరం విరగవచ్చని, ఒక లైను ఉంది, కింద సంతకం ఉంది. అది సరిపోతుందా? ఇంకొకటి, తెలుగులో ఏ మాటలు వాడాలి? "సూది విరిగింది" అంటే ఎదుటి మనిషి మొహం మారిపోతుంది.

మూడోకాలువ:

చెప్పాల్సింది ఆ ఫైల్ చేతిలో పట్టుకున్నవాళ్ళే. ఆ రోజే, ఆ సిట్టింగ్‌లోనే. ఇంకో క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ పావుగంట ఆలస్యమైతే ఏం కాదు.

అయితే నోరు విప్పేముందు ఐదు నిమిషాల పని ఉంది. హ్యాండ్‌పీస్ ఆపండి. అదే కాలువలోకి ఇంకో రోటరీ పంపకండి, ముక్క మరింత కిందికి దిగుతుంది. బయటికొచ్చిన ఫైల్‌ను స్కేలు మీద పెట్టి కొలవండి. 25 మిల్లీమీటర్ల ఫైల్ 22 ఉంటే లోపల ఉన్నది 3. మిగతా కాలువల నోళ్ళలో టెఫ్లాన్ గానీ దూది గానీ పెట్టండి, ముక్క కదిలితే పక్క కాలువలో పడకుండా. డ్యామ్ (పన్ను చుట్టూ వేసే రబ్బరు షీటు) ఉండగానే ఐఓపీఏ (ఆ పంటి చిన్న ఎక్స్‌రే) తీయండి. ముక్క పై మూడోవంతులో ఉందా, మధ్యలోనా, వంపు దాటి కిందనా అన్నది ఎక్స్‌రేలో చూడాలి. పేషెంట్‌కి చెప్పబోయే దారులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఆ తర్వాత నంబర్ 8 లేదా 10 కె-ఫైల్ (చేత్తో తిప్పే సన్నని ఫైల్) కొనకు చిన్న వంపు ఇచ్చి, 17 శాతం ఈడీటీఏ (కాలువ గోడలను మెత్తబరిచే ద్రవం) వేసి, ముక్క పక్కనుంచి దారి దొరుకుతుందేమో చేత్తో చూడటం రూట్ కెనాల్ పనిలో భాగమే. పది పదిహేను నిమిషాలు చూడండి. దొరక్కపోతే ఆపేయండి. మైక్రోస్కోప్, అల్ట్రాసోనిక్ టిప్ (కంపనంతో ముక్కను వదులుచేసే పరికరం) తీసే ముందు మాత్రం కుర్చీ లేపి మాట్లాడాలి. ముక్క తీయాలంటే దాని చుట్టూ డెంటిన్ (పంటి లోపలి గట్టి పొర) తొలగించాలి. వేరు పలచబడుతుంది, రంధ్రం పడొచ్చు, తర్వాతెప్పుడో నిలువునా చీలొచ్చు. అంటే పేషెంట్ ఒప్పుకున్న పని వేరు, ఇది వేరు. దీనికి ఆమె "సరే" మళ్ళీ కావాలి. "ముందు ప్రయత్నిద్దాం, రాకపోతే చెబుదాం" అనే పద్ధతి తప్పు కావడానికి కారణం ఇదే.

మాటల సంగతి. "సూది" అనొద్దు. ఆ మాట వినగానే మత్తు ఇంజెక్షన్ సూది గుర్తొస్తుంది. "నరంలో ఇరుక్కుంది" అనొద్దు. పై పన్ను నరానికీ కంటికీ లంకె ఉందని నమ్మేవాళ్ళు మన దగ్గర ఇంకా చాలామంది. "చిన్న ప్రాబ్లం వచ్చింది" అని మొదలుపెట్టి నసగొద్దు. డ్యామ్ తీసి, కుర్చీ నిటారుగా లేపి, నోరు పుక్కిలించనిచ్చి, మాస్క్ దించి, ఎదురుగా కూర్చుని చెప్పండి:

"అమ్మా, పన్ను లోపలి కాలువలు శుభ్రం చేయడానికి సన్నని తీగలాంటి పరికరం వాడతాం. ఇందాక శుభ్రం చేస్తుంటే దాని కొన, సుమారు 3 మిల్లీమీటర్ల ముక్క, విరిగి ఒక కాలువలో ఉండిపోయింది. ఎక్స్‌రేలో ఈ తెల్లటి గీత అదే. ఇలా జరిగినందుకు నాకు బాధగా ఉంది. ముక్క పన్ను వేరు లోపలే ఉంది. ఇప్పుడు ఏమేం చేయొచ్చో ఒక్కొక్కటీ చెప్తాను."

అని ఆగండి. ఆమెకు మొదట వచ్చే ప్రశ్నకు చోటివ్వండి. కాలువ వంకరగా ఉంది అన్న వివరణ ఆమె "ఎందుకు విరిగింది" అని అడిగాకే ఇవ్వండి. ముందే చెబితే "నీ పన్నుదే తప్పు" అన్నట్టు వినిపిస్తుంది.

సంతకానికిముందు:

ఫారం సంగతి నేను చెప్తాను. ఇంగ్లీషు లైను కింద సంతకం ఉంటే కాగితం ఉన్నట్టు, సమ్మతి ఉన్నట్టు కాదు.

సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు దంతవైద్యులు కూడా ఒకసారి శ్రద్ధగా చదవాల్సింది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి చికిత్సకు పనికిరాదు. ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి, ప్రాణాపాయం లాంటి అత్యవసరం ఉంటే తప్ప, ఇంకో చికిత్సకు పనికిరాదు. ఆ కేసులో పేషెంట్ మత్తులో ఉండగా ఆమె తల్లి చేత ఒప్పించారు. వయసొచ్చిన మనిషి మెలకువ వచ్చాక తనే నిర్ణయించుకోగలిగినప్పుడు తల్లి సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. మన క్లినిక్‌లలో "ఆయన బయట కూర్చున్నారు కదా, ఆయనతో సంతకం పెట్టించు" అని భర్త దగ్గరికి కాగితం పంపే అలవాటుంది చూడండి, దానికి ఈ తీర్పు సూటిగా తగులుతుంది. భర్తకు కూడా చెప్పొచ్చు, ఆమె చెప్పమంటే. నిర్ణయం ఆమెది.

అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. ఎక్కడో అరుదుగా జరిగే ప్రతి ప్రమాదాన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. చికిత్స స్వభావం, ఎందుకు, వేరే దారులు ఉన్నాయా, గణనీయమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవి తెలియాలి. వంపు ఉన్న దవడ పన్నులో ఫైల్ విరగడం అరుదైన వింత కాదు కాబట్టి ముందే చెప్పే వాటిలో అది ఉండాలి.

తెలుగులో నాలుగు వాక్యాలు చాలు: "లోపలి కాలువలు సన్నగా, వంకరగా ఉంటాయి. శుభ్రం చేసే పరికరం కొన ఒక్కోసారి విరిగి లోపల ఉండిపోవచ్చు. అలా జరిగితే మీకు వెంటనే చెప్తాం. దాని వల్ల ఇంకో సిట్టింగ్ గానీ, నిపుణుల దగ్గరికి పంపడం గానీ అవసరం కావచ్చు." ఇది చదివి వినిపించడంతో పని అయిపోదు. "ఇంటికెళ్ళాక మీవాళ్ళు ఏం చెప్పారని అడిగితే ఏమని చెప్తారండీ?" అని అడగండి. ఆమె "నరం తీసి క్యాప్ వేస్తారట" అని మాత్రమే అంటే మిగతాది చేరలేదన్నమాట, మళ్ళీ చెప్పండి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు మన దగ్గర ఎవరైనా తల ఊపుతారు.

సంతకం మత్తు ఇవ్వకముందు కావాలి. వేలిముద్ర అయితే సాక్షిగా క్లినిక్ సిబ్బంది కాకుండా పేషెంట్ వెంట వచ్చినవాళ్ళు ఉంటే మేలు.

గోదారిగట్టు:

పై ఇద్దరి మాటల్లో ధర్మం ఉంది, కాదనను. కానీ ఆచరణ చూడండి. ముక్క కొన దగ్గర ఉంది, కాలువ అప్పటికే శుభ్రమైంది, పక్కనుంచి సీల్ అయింది, నొప్పి లేదు. అలాంటి పేషెంట్‌కి "లోపల లోహం ముక్క ఉంది" అని చెబితే రేపటినుంచి తలనొప్పి వచ్చినా చెవిపోటు వచ్చినా దానికే అంటగడతారు. నాలుగు క్లినిక్‌లు తిరిగి చివరికి బాగున్న పన్ను పీకించుకుంటారు. కార్డులో రాసుకుని, ఆరునెలలకోసారి ఎక్స్‌రే చూస్తూ, ఇబ్బంది వస్తే అప్పుడు చెబితే పోదా? చెప్పడం వల్ల పేషెంట్‌కి కలిగే మేలు ఏమిటి?

మూడోకాలువ:

మేలు ఉంది సార్. అంకెలతో చెప్తాను.

మెల్‌బోర్న్ నిపుణుల ప్రాక్టీస్ కేసుల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో ముక్క ఉండిపోయిన పళ్ళలో 91.8 శాతం మానాయి, ముక్క లేని పోలిక పళ్ళలో 94.5 శాతం. పెద్ద తేడా లేదు. భయపెట్టకుండా చెప్పడానికి మన చేతిలో ఉన్న గట్టి ఆధారం ఇదే. అయితే అదే అధ్యయనంలో వేరు కొన దగ్గర ముందే పుండు ఉన్న పళ్ళను విడిగా చూస్తే ముక్క ఉన్నవాటిలో 86.7, లేనివాటిలో 92.9 శాతం. పన్ను మానడాన్ని ఎక్కువగా నిర్ణయించేది ముక్క కాదు, ముందున్న ఇన్ఫెక్షన్. ముక్క చేసే హాని ఏమిటంటే దాని కింద శుభ్రం కాని చోటుకు అడ్డం పడటం. అందుకే పని ఏ దశలో విరిగిందన్నది ముఖ్యం. చివరి ఫైల్ దగ్గర, కాలువ చాలావరకు కడిగాక విరిగితే ఒక కథ. మొదట్లోనే, చీముపట్టిన కాలువలో విరిగితే వేరే కథ. పైగా ఆ అంకెలు నిపుణుల చేతిలోవి, వాటిని మన ప్రతి కేసుకూ వాగ్దానంగా వాడకూడదు.

ఇప్పుడు చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. మీరన్న ఆరునెలల ఎక్స్‌రేకి ఆమె ఎందుకు వస్తుంది? నొప్పి లేదు, క్యాప్ పడింది, డబ్బు కట్టేసింది. కారణం తెలియని మనిషి రాదు. రెండేళ్ళకు ఇంకో ఊళ్ళో ఇంకో పంటికి ఎక్స్‌రే తీసినప్పుడు ఆ డాక్టర్ "ఎవరో ఫైల్ విరగ్గొట్టి వదిలేశారు" అంటారు. మీరు భయపడిన అనుమానాలన్నీ అప్పుడు మొదలవుతాయి, వాటికి తోడు "దాచారు" అన్న కోపం. ముక్క గురించి మీ నోటితో, అంకెలతో విన్న మనిషికి ఆ రోజు "ఆ, నాకు చెప్పారు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు" అని చెప్పుకునే వీలుంటుంది.

దారులు చెప్పేటప్పుడు అన్నీ చెప్పండి. ఉన్నచోటే ఉంచి మిగతా కాలువ నింపి గమనించడం. పక్కనుంచి దారి చేసుకుని శుభ్రం చేయడం. మైక్రోస్కోప్ కింద తీయడం: పై మూడోవంతులో, తిన్నటి భాగంలో ఉంటే వచ్చే అవకాశం బాగా ఉంటుంది, వంపు దాటితే తీసే ప్రయత్నమే పన్నుకు ఎక్కువ నష్టం. ముప్పావు గంట నుంచి గంట దాటితే ఆపేయడం మంచిది. ఇవేవీ పనిచేయకపోతే వేరు కొన కోసే చిన్న సర్జరీ, లేదా పన్ను తీయడం. చివరి రెండూ ఈరోజు అక్కర్లేదని స్పష్టంగా అనండి, లేకపోతే ఆమె చెవిలో "తీయడం" ఒక్కటే మిగులుతుంది. 6 నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే. పుండు తగ్గుతున్నా పూర్తిగా పోకపోతే నాలుగేళ్ళ దాకా చూడాలి.

కుర్చీపక్కన:

ఇప్పటిదాకా డాక్టర్ల గురించే మాట్లాడారు. అసిస్టెంట్, కోఆర్డినేటర్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే క్లినిక్ పెద్దదయ్యేకొద్దీ పేషెంట్ ఎక్కువసేపు మాట్లాడేది వాళ్ళతోనే.

1948 డెంటిస్ట్స్ చట్టం డెంటిస్ట్ కాక ఇంకో ఇద్దరిని నిర్వచించింది: పళ్ళు స్కేలింగ్, పాలిషింగ్ చేసి శుభ్రత నేర్పే హైజీనిస్ట్, కట్టుడుపళ్ళు చేసే, బాగుచేసే మెకానిక్. కోఆర్డినేటర్ అన్న పాత్ర ఆ రోజుల్లో లేదు. అది కార్పొరేట్ పద్ధతితో వచ్చింది. అందుకని ఆ మనిషి ఏం మాట్లాడొచ్చో క్లినిక్కే గీత గీయాలి. రేటు, వాయిదాలు, సిట్టింగ్‌ల తేదీలు, ఫారం చదివి వినిపించడం: మాట్లాడొచ్చు. "ఈ పన్నుకు రూట్ కెనాల్ తప్పదండీ", "ఇప్పుడు చేయించకపోతే పక్క పన్నుకు పాకుతుంది", "మీకు నొప్పి రాదు": అనకూడదు. డాక్టర్ చెప్పిన ప్లాన్‌ను పేషెంట్ వాయిదా వేస్తానంటే కోఆర్డినేటర్ ఒప్పించడానికి దిగకూడదు, డాక్టర్ దగ్గరికి తిరిగి పంపాలి. కోఆర్డినేటర్ జీతంలో ఎన్ని ప్లాన్‌లు ఒప్పించారన్న లెక్క మీద ఇన్సెంటివ్ ఉంటే ఈ గీత నిలవదు. ఆ లెక్క తీసేయండి.

ఒక మాట మీద ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి: గ్యారంటీ. జిర్కోనియా క్యాప్‌తో పదేళ్ళనో పదిహేనేళ్ళనో కార్డు వస్తుంది. అది క్యాప్ పదార్థం పగలడం గురించి కంపెనీ ఇచ్చే మాట. కౌంటర్ దగ్గర అది "పన్నుకు పదిహేనేళ్ళ గ్యారంటీ" అయిపోతుంది. అలాంటి పన్నులో ఫైల్ ముక్క ఉందని తెలిస్తే పేషెంట్ అడిగే మొదటి ప్రశ్న కార్డు గురించే. కార్డు ఇచ్చేటప్పుడే "ఇది పైన వేసిన క్యాప్‌కి మాత్రమేనండి, లోపలి చికిత్సకు కాదు" అని చెప్పి చేతిలో పెట్టాలి.

అసిస్టెంట్ విషయానికొస్తే, ఫైల్ మెలిక విప్పుకుంటున్నట్టు ముందు కనిపించేది తుడిచి అందించే చేతికే. ప్రతి కాలువ తర్వాత ఫైల్‌ను గాజ్ గుడ్డతో తుడిచి, లైటు కింద తిప్పి చూడాలి. మెలికలు ఒకచోట దగ్గరగా, ఇంకోచోట దూరంగా కనిపించినా, ఒక చోట మెరుపు మచ్చ ఉన్నా పారేయాలి. అయితే పదేపదే వంగి లోహం అలిసి విరిగే ఫైల్ పైకి బాగానే ఉంటుంది, చూపుతో దొరకదు. అందుకే లెక్క కావాలి. ఒక్క పేషెంట్‌కే అని ప్యాక్ మీద ఉన్నదాన్ని ఆటోక్లేవ్ (ఆవిరితో శుద్ధి) చేసి ఐదారుగురికి వాడితే, విరిగాక "ఎన్నోసారి వాడారు" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఆర్‌పీఎం (తిరిగే వేగం), టార్క్ (తిప్పే బలం) తయారీదారు చెప్పిన అంకెలో ఉన్నాయా, నంబర్ 10, 15 చేతి ఫైళ్ళతో దారి వేశాకే రోటరీ వెళ్ళిందా అన్నవి కూడా అసిస్టెంట్ కళ్ళముందు జరిగేవే. "సార్, ఈ ఫైల్ ఒక్కసారి చూడండి" అని పేషెంట్ ముందే అనగలిగే చనువు ఆ అమ్మాయికి ఉండాలి. ఆ మాటకు డాక్టర్ ఒక్కసారి చిరాకు పడితే చాలు, రెండోసారి ఆ హెచ్చరిక రాదు.

లీడ్స్‌నుంచి:

ఇక్కడి పద్ధతి పోలికకు చెప్తాను, చిన్నగా. బ్రిటన్‌లో 2013 మే 1 నుంచి హైజీనిస్టులు, డెంటల్ థెరపిస్టుల దగ్గరికి పేషెంట్లు డెంటిస్ట్ చీటీ లేకుండా నేరుగా వెళ్ళొచ్చు. పాత్రలు అంతగా పంచుకున్నాక సమ్మతి, నిజం చెప్పడం ఎవరి బాధ్యత అన్నది కలగాపులగం కాకుండా నిబంధనలు రాసుకున్నారు. ఏదైనా పొరపాటు జరిగితే చెప్పి, క్షమాపణ కోరి, సరిదిద్దే దారి చూపాలన్నది రిజిస్టర్ అయిన ప్రతి ఒక్కరి మీదా ఉంది, డెంటల్ నర్సు సహా. ఇంగ్లండ్‌లో 2006 కాంపెన్సేషన్ చట్టం రెండో సెక్షన్ ప్రకారం క్షమాపణ ఒక్కటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఈ సెక్షన్‌ను ఇండియాలో ఉన్నవాళ్ళు తమకూ వర్తిస్తుందనుకోవద్దు. మాటల తేడా పాటించండి: "ఇలా జరిగినందుకు బాధగా ఉంది" వేరు, "నా నిర్లక్ష్యం వల్ల జరిగింది" వేరు. మొదటిది మనిషిగా అనాల్సిందే. రెండోది తేల్చేది మీరు కాదు.

నాలుగుకుర్చీలు:

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. ఒక్కటి మిగిలింది. కన్సల్టెంట్ నిజంగానే వెళ్ళిపోయాడు, లేదా ముక్క ఉందని వారం తర్వాత క్యాప్ కొలత ముందు ఎక్స్‌రేలో క్లినిక్ డాక్టర్‌కి కనిపించింది. అప్పుడేం చేయాలి? రెండోది, మైక్రోస్కోప్ ఉన్నచోటికి పంపితే ఆ ఫీజు ఎవరు కట్టాలి?

సంతకానికిముందు:

క్యాప్ కొలత ఆపేయాలి, అది మొదటి పని. ముక్క సంగతి తేలకుండా క్యాప్ వేస్తే దాన్ని తొలిచి మళ్ళీ లోపలికి వెళ్ళాల్సి రావచ్చు. కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి వాస్తవాలు తెలుసుకోండి: ఏ ఫైల్, ఏ దశలో, పక్కనుంచి దారి దొరికిందా. తర్వాత అదే రోజు పేషెంట్‌కి చెప్పండి, వీలైతే ఆయన్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి. "ఎక్స్‌రేలో ఇది కనిపించింది, చికిత్స చేసిన డాక్టర్‌తో మాట్లాడాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన్ని వెనకేసుకు రావద్దు, ఆయన మీదికి నెట్టొద్దు. పేషెంట్ డబ్బు కట్టింది క్లినిక్‌కి. 1995లో వి.పి. శాంత కేసు తీర్పు నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. ఫిర్యాదు వస్తే క్లినిక్, కన్సల్టెంట్ ఇద్దరి పేర్లూ ఉంటాయి. వాస్తవాలు చెప్పడానికి ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి అక్కర్లేదు. పరిహారం ఒప్పుకునే ముందు, తప్పు మాదేనని రాసిచ్చే ముందు మాత్రం పాలసీ షరతులు చదివి వాళ్ళకు తెలియజేయండి.

వివాదం ఎక్కువయ్యేది ముక్క వల్ల కాదు, కార్డులో రాత లేకపోవడం వల్ల. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ప్రమాదమో, నిర్ణయంలో పొరపాటో జరిగినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదంది. అయితే జాగ్రత్తగా చేశారని చూపించేది ఆ రోజు రాసిన కార్డే. ఇలా ఉండాలి: "46 పన్ను, మీజియోలింగ్వల్ కాలువ. 20 సైజు, 4 శాతం టేపర్ ఫైల్, కంపెనీ, లాట్ నంబర్, ఎన్నోసారి వాడకం. కింది మూడోవంతులో సుమారు 3 మి.మీ. ముక్క. ఐఓపీఏ తీశాం. 10 కె-ఫైల్‌తో పక్కదారి దొరకలేదు. సాయంత్రం 6:20కి పేషెంట్‌కి తెలుగులో వివరించాం, ఎక్స్‌రే చూపించాం. చెప్పిన దారులు ఇవి. పేషెంట్ అడిగిన ప్రశ్నలు ఇవి. ఎంచుకున్నది ఇది." బయటికొచ్చిన ఫైల్‌ను చిన్న కవర్లో కార్డుతో పాటు దాచండి. పాత రాత మీద కొట్టివేతలు, తర్వాత ఇరికించిన లైన్లు వద్దు. మర్చిపోయినది ఉంటే ఆ రోజు తేదీ వేసి కింద రాయండి. ఎక్స్‌రే కాపీ ఒకటి పేషెంట్ చేతికివ్వండి.

ఫీజు గురించి నా అభిప్రాయం: ముక్క కోసం పంపే మొదటి సంప్రదింపు ఖర్చు పేషెంట్ మీద వేయొద్దు. ఎవరు ఎంత భరించాలన్నది ఆ సాయంత్రం కుర్చీ పక్కన తేల్చుకునేది కాదు. కన్సల్టెంట్‌తో పర్సంటేజీ మాట్లాడుకున్న రోజే కాగితం మీద ఉండాలి: అనుకోనిది జరిగితే తనే పేషెంట్‌కి చెప్పి వెళ్ళాలి, కార్డు తనే రాసి సంతకం పెట్టాలి, రిఫరల్ ఖర్చు ఇద్దరూ ఏ నిష్పత్తిలో భరిస్తారు, తర్వాతి ఎక్స్‌రేలు ఎవరు చూస్తారు, తన ఇండెమ్నిటీ (వృత్తి బాధ్యత బీమా) పాలసీ కాపీ క్లినిక్‌లో ఉందా. ఇంకొకటి, పంపినందుకు అవతలి క్లినిక్ నుంచి కమీషన్ తీసుకోవడాన్ని డెంటల్ కౌన్సిల్ 2014 ఎథిక్స్ రెగ్యులేషన్స్ నిషేధించాయి. ఈ కేసులో అయితే అంతకంటే సిగ్గుచేటు ఉండదు.

గోదారిగట్టు:

ఆరునెలల ఎక్స్‌రేకి ఆమె ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఒక చిన్న చేర్పు. పాత పేషెంట్లలో ఇప్పటికే చెప్పకుండా వదిలేసిన ముక్కలు ఉంటే, వాళ్ళు వేరే పనికి వచ్చినప్పుడు కొత్త ఎక్స్‌రే తీసి, పాతదాని పక్కన పెట్టి చూపిస్తూ చెప్పడం సులువు. "ఇది అప్పటినుంచీ ఉంది, అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. చుట్టూ ఎముక ఇలా ఉంది" అని. కొన దగ్గర నల్లటి నీడ పెరిగి ఉంటే మాత్రం వాళ్ళు వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేసి పిలవాలి.